ఎదిరిపక్షపు గోడపత్రిక



మా పరకాలలో అమరధామమను స్మారకము కలదు. 1947 సెప్టెంబరు 2వ తేదీన జాతీయపతాకము నెత్తుటకై కూడిన ప్రజలపై నైజాము పోలీసులును రజాకార్లును కాల్పులు జరుపగా పలువురు ప్రాణములు గోల్పోయిరి. తమ జెండాను నలుగురి యెదుట నిలుపగోరుటయే వారి నేరము!

నేడు ఎన్నికలు వచ్చినంతనే ఎదిరిపక్షపు గోడపత్రికను చింపుట, జెండాను మాయము చేయుట కొందరికి వినోదము. ఇది వినోదము కాదు, నేరము. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయసంహితలో దొంగతనమునకు 303వ సెక్షను క్రింద మూడేండ్లవరకును, పరుల సొత్తు చెరచుటకు 324వ సెక్షను క్రింద సామాన్యముగా ఆరునెలలవరకును ఖైదు కలదు, జరిమానాయు విధింపవచ్చును. నష్టము 20,000 రూపాయలకు చేరినచో ఖైదు రెండేండ్లవరకు పెరుగును. దొంగిలినది 5,000 రూపాయలకు లోపుదై, తొలితప్పై, సొత్తు తిరిగి యిచ్చినచో సమాజసేవయే శిక్ష.

ఒక పక్షపు పత్రికలను వేరొక పక్షమువారు తొలగింపరాదని ఎన్నికల ప్రవర్తనా నియమావళియు చెప్పుచున్నది. ఇంటివాని యనుమతి లేక గోడపై నంటింపరాదనియు అదియే చెప్పుచున్నది. అట్లంటించినచో ఎన్నికల యధికారికి ఫిర్యాదు చేయవలెను.

నచ్చని మాటకు మాటతో బదులు చెప్పుడు, ఓటుతో బదులు చెప్పుడు, చేతితో చింపకుడు. జెండాకై ప్రాణములిచ్చినవారి ఋణము మన మిట్లే తీర్చుకొనవలెను.