నిద్ర గోలీ: మెల్లగా దిగవలసిన మెట్లు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల చదువులు, పేదింటి పెళ్ళిళ్ళ గురించి మనం ఏటా మాట్లాడుకుంటూనే ఉన్నాము. ఈసారి మన ఇండ్లలో ముసలివాళ్ళ తలగడ కింద ఉండే ఒక చిన్న గోలీ గురించి నాలుగు మాటలు మనవి చేయదలచాము. మేము డాక్టర్లము కాము. మా ఇంట్లో చేసిన పొరపాటు మీ ఇంట్లో జరగకూడదనే ఈ మాట.

మా ఖాలాకు భర్త పోయిన కొత్తలో నిద్ర లేదు, గుండె దడ. డాక్టరు పదిహేను రోజులకని అర మిల్లీగ్రాము ఆల్ప్రాజొలం వ్రాసి ఇచ్చారు. ఆ పదిహేను రోజులు తొమ్మిదేండ్లయ్యాయి. రోజుకు ఒక గోలీ మూడయ్యాయి. పాత చీటీ చూపించడం, పట్టీ తెచ్చుకోవడం, అంతే. కొడుకు గల్ఫ్‌లో, మేము మా పనుల్లో. అడిగినవారు లేరు. ఒకనాడు ఫజర్ వేళ వజూ చేయడానికి లేచి, తూలి పడి చేయి విరగ్గొట్టుకున్నారు. ఇదంతా గోలీ వల్లనే అని మేమే కోపంతో పట్టీలన్నీ పారవేశాము. మూడో రాత్రికి వణుకు, చెమటలు, లేని మనుషులు కనిపించడం. దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ మమ్మల్నే కోప్పడ్డారు. "గోలీ మాన్పించాలన్నది మంచి మాటే. ఒక్కసారి ఆపడమే ప్రాణం మీదికి తెచ్చింది" అన్నారు.

ఈ జాతి మందుల్లో మొదటిది లిబ్రియం, 1960లో వచ్చింది. 1963లో వాలియం వచ్చింది. అదే డైజిపాం, మన దగ్గర కాంపోజ్ అంటే అందరికీ తెలుసు. మెదడులో ఉద్రేకాన్ని ఆపే సహజమైన బ్రేకు ఒకటి ఉన్నది. ఈ గోలీ దాన్ని గట్టిగా నొక్కి పడుతుంది. ఏండ్ల తరబడి వాడితే మెదడు తన బ్రేకును తానే వదులు చేసుకుంటుంది. అప్పుడు మందు హఠాత్తుగా తీసేస్తే బ్రేకు లేని బండి అవుతుంది. ఫిట్స్ కూడా రావచ్చు.

ఇది మన తెలంగాణ కళ్ళారా చూసినదే. 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లును అరికట్టినప్పుడు, అందులో కలిపే ఆల్ప్రాజొలం, డైజిపాం వంటి మందులు అందక ఎందరో వణుకుతో, ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో ఆసుపత్రుల పాలయ్యారు. ఆ కల్లులోని మందే మన ఇంటి డబ్బాలోనూ ఉన్నది.

అలాగని జీవితాంతం మింగమని కాదు. వయసు మీదపడ్డ ఒంట్లో ఈ మందుల ప్రభావం ఎక్కువ, చాలావాటిని ఒళ్ళు తొందరగా వదిలించుకోలేదు. తూలడం, తుంటి ఎముక విరగడం, మతిమరుపు - వీటన్నిటికీ దారి.

మరి ఎట్లా? దిగుడు బావిలోకి దిగినట్టు, మెట్టు మెట్టుగా. 2025లో అమెరికా వైద్య సంఘాలు కలిసి ఇచ్చిన సూచన ప్రకారం రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5 నుంచి 10 శాతం తగ్గించాలి, రెండు వారాల్లో 25 శాతం ఎన్నడూ మించరాదు. ఇబ్బంది ఎక్కువైతే ఆ మెట్టు మీదనే కొన్నాళ్ళు ఆగాలి. ఒకరోజు వేసి ఒకరోజు మానడం పద్ధతి కాదు. ఇదంతా డాక్టరు చేతి మీదుగానే జరగాలి. రంజాన్ వస్తుంటే ముందుగానే అడిగి, ఇఫ్తార్, సహరీ వేళలకు మోతాదు సర్దుకోవాలి. ఉపవాసమని ఎగగొట్టరాదు.

మా ఖాలాకు మొదట మందు మళ్ళీ మొదలుపెట్టి, నెలకోసారి గోలీలో పావు వంతు చొప్పున తగ్గించారు. చివరలో ఇంకా చిన్న మోతాదులు. పద్నాలుగు నెలలు పట్టింది. మధ్యలో ఒకనాడు "నాకు నషా అలవాటయిందా బేటా?" అని ఏడ్చారు. "నషా కాదమ్మా, మేము వ్రాసి ఇచ్చిన మందుకే ఒళ్ళు అలవాటుపడింది" అని డాక్టరమ్మ చెప్పిన తరువాతనే ఆమె మనసు కుదుటపడ్డది. మధ్యాహ్నం నిద్ర, అసర్ తరువాత చాయ్ మానుకున్నారు. రాత్రి ఎవరో ఒకరం పక్కన పడుకున్నాము. ఇప్పటికీ కొన్ని రాత్రులు నిద్ర రాదు, తస్బీహ్ పట్టుకుని కూర్చుంటారు. కానీ తెల్లారి తూలకుండా లేస్తున్నారు.

ముసలితనంలో సాధ్యమా అంటారేమో. కెనడాలో 65 ఏండ్లు దాటినవారికి ఈ గోలీల కష్టనష్టాలు, తగ్గించే పద్ధతి తెలిపే చిన్న పుస్తకం ఇచ్చి చూశారు. ఆరు నెలల్లో 27 శాతం మంది పూర్తిగా మానేశారు. పుస్తకం అందనివారిలో 5 శాతమే. ఆ ఫలితాలు 2014లో వెలువడ్డాయి.

చివరగా మూడు మనవులు. ఈ వారమే మీ పెద్దవాళ్ళ మందుల డబ్బా తెరచి చూడండి. 2014 మార్చి నుంచి ఈ మందులు షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి, చీటీ లేకుండా కొనకండి. గోలీ కనిపిస్తే పారవేయకండి, పెద్దవాళ్ళను తిట్టకండి. చేయి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపొండి. మనసు బాధ చెప్పుకోను 14416 టెలీమానస్ ఉచిత ఫోను ఉన్నది.

గోలీ మొదలయింది ఒంటరితనంతో. అది మానాలంటే పక్కన మనిషి కావాలి. ఆ మనిషి మనమే కావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము. ఖుదా హాఫిజ్.