పనితనానికి పోటీ: నిర్మాణ కాంట్రాక్టుల్లో ధర, విలువ

నిర్మాణరంగానికి జీవితాన్ని అంకితం చేసిన ఒక ఇంజనీరు జ్ఞాపకార్థం జరిగే ఇలాంటి ఉపన్యాసాల్లో ఆనకట్టల గురించో, వంతెనల గురించో, కొత్త యంత్రాల గురించో మాట్లాడడం ఆనవాయితీ. నేను టెండరు ఫారం గురించి మాట్లాడతాను. ఊరి రోడ్డు రెండో వానకాలానికి నిలుస్తుందా, బడి స్లాబు కారకుండా ఉంటుందా అన్నది పని జరిగే రోజున తేలే విషయమని అనుకుంటాం. అందులో సగం అంతకు చాలా ముందే, పని ఎవరికి ఏ లెక్కన ఇవ్వాలో నిర్ణయించే కాగితం మీదే తేలిపోతోంది. ఆ కాగితం కాంట్రాక్టరును చివరికి అడిగేది ఒక్కటే: ఎంతకు చేస్తావు? అడిగినదానికే కదా జవాబు వస్తుంది. కాంట్రాక్టర్లు ధర మీదే కొట్టుకుంటున్నారని నిందించే ముందు, పనితనం మీద పోటీ పడడానికి వాళ్లకు మనం చోటు ఎక్కడ ఇచ్చామో చూడాలి. పనితనాన్ని కొలిచే వీలున్న రూపంలో అడిగి, దానికి డబ్బుల్లో లెక్క కట్టి, పని అయ్యాక కూడా దాన్ని గుర్తుపెట్టుకుంటేనే అది పోటీలోకి దిగుతుందన్నది నా వాదన.

ముందు లెక్క చూద్దాం. కేంద్ర ప్రజాపనుల శాఖ తన రేట్ల విశ్లేషణలో సామాను, కూలీ, యంత్రాల ఖర్చు మీద కాంట్రాక్టరు లాభానికీ పైఖర్చులకూ కలిపి 15 శాతం చేరుస్తుంది. అంటే 100 రూపాయల ఖర్చుకు 115 రూపాయల అంచనా. దాని మీద 25 శాతం లెస్‌కు, అంటే అంత తక్కువకు, కోట్ చేస్తే చేతికొచ్చేది 86 రూపాయల పావలా. లాభం మొత్తం వదులుకుని, ఆఫీసు ఖర్చులు జేబులోంచి పెట్టుకున్నా ఇంకా దాదాపు 14 రూపాయలు లోటు. సొంత క్వారీ, సొంత క్రషర్, పక్కనే ఖాళీగా ఉన్న యంత్రాలు ఉన్నవాళ్లు ఆ లోటులో కొంత నిజాయితీగానే పూడ్చుకోగలరు. అంచనాలే పెంచి రాస్తారు కాబట్టి ఇంత లెస్ సాధ్యమవుతోందని కొందరంటారు. అలా జరిగిన చోట అంచనాను సరిదిద్దాలి తప్ప, తప్పు అంచనాను తప్పు కోట్‌తో సరిచేయబోతే నిజంగా పనికి ఎంతవుతుందో ఎవరికీ తెలియకుండా పోతుంది. మిగిలిన సందర్భాల్లో ఆ 14 రూపాయలు కంటికి కనబడని చోట్ల నుంచే వస్తాయి. రోడ్డు కింద పొరను రోలర్ తొక్కాల్సినన్ని సార్లు తొక్కదు. బిటుమెన్ పాలు తగ్గుతుంది. కాంక్రీటు సులువుగా జారాలని నీళ్లు ఎక్కువ పడతాయి. క్యూరింగ్ నాలుగు రోజులకే ఆగిపోతుంది. పని సబ్ కాంట్రాక్టరు చేతికీ, అక్కడినుంచి ఇంకొకరి చేతికీ మారి, చివరి మనిషికి మిగిలే డబ్బుతో డ్రాయింగు ప్రకారం కట్టడం అసాధ్యమవుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో ఆర్థికశాస్త్రం అర్ధ శతాబ్దం కిందటే చెప్పింది. ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల అంగడిని ఉదాహరణగా తీసుకుని రాసిన వ్యాసం అందరికీ తెలిసిందే. సరుకు నాణ్యత అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియనప్పుడు కొనేవాడు సగటు సరుకుకు తగ్గ ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి సరుకు అమ్మేవాడు గిట్టక తప్పుకుంటాడు. అంగడిలో నాసిరకమే మిగులుతుంది. నిర్మాణంలో ఈ చిక్కు ఇంకా తీవ్రం. కొనే రోజున సరుకు అసలు ఉండనే ఉండదు, కట్టాక దాని లోపల ఏముందో ప్లాస్టరింగ్ కప్పేస్తుంది. దీనికి తోడు ఇంకొకటుంది. చమురు క్షేత్రాల వేలంపాటల్లో గెలిచిన కంపెనీలు ఎందుకు నష్టపోతున్నాయో కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు ఇంజనీర్లు 1971లో వివరించారు. పదిమంది ఒకే వస్తువుకు విలువ కట్టినప్పుడు అందరికంటే ఎక్కువ విలువ కట్టి పొరబడినవాళ్లే పాట గెలుస్తారని వాళ్లు తేల్చారు. తక్కువ కోట్ గెలిచే టెండర్లో ఇది తిరగబడి పనిచేస్తుంది. ఖర్చును అందరికన్నా తక్కువగా ఊహించినవారికే పని దక్కుతుంది. అందుకని ఎల్-1గా, అంటే అందరికన్నా తక్కువ కోట్‌తో, నిలిచిన కాంట్రాక్టరు అందరిలోకీ సమర్థుడు కావచ్చు, అందరికన్నా పొరబడినవాడు కావచ్చు, పని మధ్యలో క్లెయిములు పెట్టి రాబట్టుకుందామనుకున్నవాడూ కావచ్చు. ఈ ముగ్గురిలో ఎవరో చెప్పే శక్తి ఒక్క అంకెకు లేదు.

మరి ఇన్ని లోపాలున్న పద్ధతి ఇంతకాలం ఎందుకు నిలిచింది? దానికి గట్టి కారణమే ఉంది. ఈ ప్రశ్నను తేలిగ్గా దాటేయడం నాకు ఇష్టం లేదు. ధర అంకె కాబట్టి అందులో అధికారి ఇష్టాయిష్టాలకు తావు లేదు. నాణ్యత పేరుతో మార్కులు వేసే అధికారం ఒక కమిటీ చేతికిస్తే ఆ మార్కులు ఎవరికి పడతాయో మనందరం ఊహించగలం. ఎల్-1 అవినీతికి అడ్డుకట్టగా పుట్టింది, ఆ గౌరవం దానికి దక్కాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003 టెండరు సంస్కరణల్లో, అంచనా కన్నా 25 శాతానికి మించి తక్కువకు కోట్ చేసినవారి నుంచి ఆ తేడా మేరకు అదనపు సెక్యూరిటీ తీసుకోవాలని నిబంధన పెట్టింది. అది ప్రభుత్వ సొమ్ముకు కొంత భద్రత ఇచ్చింది. రోడ్డుకు మాత్రం ఇవ్వలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో, వచ్చిన కోట్‌లను పాట పెట్టి ఇంకా తగ్గించే రివర్స్ టెండరింగ్ వచ్చింది, 2024లో రద్దయింది. దాని వెనక ఉన్న రాజకీయాల జోలికి పోను. నన్ను కలవరపెట్టేది ఒకటే. మెచ్చుకున్నవాళ్లు ఎన్ని కోట్లు మిగిలాయో లెక్క చెప్పారు, తప్పుపట్టినవాళ్లు ఆ లెక్క నిజం కాదన్నారు. కట్టినది ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న ఆ వాదోపవాదాల్లో పక్కకు పోయింది.

అయితే అంకెకున్న శుభ్రతను వదులుకోకుండానే పనితనాన్ని అడిగే దారులున్నాయి. 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపంలో లాస్ ఏంజెలెస్‌లోని శాంటా మోనికా ఫ్రీవే వంతెనలు కూలాయి. కాలిఫోర్నియా రవాణా శాఖ అక్కడ ధరతో పాటు ఎన్ని రోజుల్లో చేస్తారో కూడా కోట్ చేయమంది. ఒక్కో రోజుకు ఇన్ని డాలర్లని విలువ కట్టి, రెండూ కలిపిన మొత్తం ఎవరిది తక్కువైతే వాళ్లకే పని. ఒప్పందం గడువు 140 రోజులు. ముందు ముగించిన ప్రతి రోజుకూ 2 లక్షల డాలర్ల బోనస్, ఆలస్యమైతే అంతే జరిమానా. సి.సి. మైయర్స్ సంస్థ రాత్రింబవళ్లు పనిచేయించి 66 రోజుల్లో ముగించింది. 74 రోజుల బోనస్ దాదాపు కాంట్రాక్టు విలువంత అయింది. ఇది దుబారా కాదా అని అడగొచ్చు. ఆ దారి మూతపడి ఉన్న ఒక్కో రోజు నగరానికి దాదాపు 10 లక్షల డాలర్ల నష్టమని అధికారులు లెక్కేశారు. ఆ లెక్కతో చూస్తే బోనస్ చవక. ఇందులో నేను ఎత్తిచూపదలచింది వేరే ఉంది. ఎవరూ ఎవరికీ మార్కులు వేయలేదు. వేగాన్ని డబ్బుగా మార్చి టెండర్లో పెట్టారు. మంచి ప్రణాళిక, చేతిలో మంచి మేస్త్రీలు, మంచి యంత్రాలు ఉన్న కాంట్రాక్టరుకు అవి గెలుపునిచ్చే ఆస్తులయ్యాయి.

అంత దూరం పోనక్కర్లేదు. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు దాన్ని బాగుచేస్తూ ఉండాలి. ఆ నిర్వహణ ధర కూడా ఒప్పందంలో భాగం. దీని ప్రభావం చిన్నది కాదు. కింద పొర సరిగా తొక్కించకపోతే మూడో ఏట గుంతలు పూడ్చాల్సింది తానేనని తెలిసిన కాంట్రాక్టరు రోలర్ డీజిల్ దగ్గర పొదుపు చేయడు. 2016లో జాతీయ రహదారులకు వచ్చిన హైబ్రిడ్ యాన్యుటీ పద్ధతిలో నిర్మాణ సమయంలో 40 శాతమే చెల్లించి, మిగతా 60 శాతాన్ని ఏళ్ల తరబడి వాయిదాల్లో ఇవ్వడం వెనకా ఇదే ఆలోచన. ఇవి లోపం లేని పద్ధతులని నేననను. నిర్వహణ బిల్లులను అధికారులు పట్టించుకోని చోట ఐదేళ్ల షరతు కాగితం మీదే మిగిలిపోతుంది. కానీ దిశ సరైనది. ఇక్కడ కాంట్రాక్టరు విలువ అంటే ఏమిటో ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, తన ఐదేళ్ల నిర్వహణ ధరలోనే దాన్ని చూపిస్తాడు.

కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరు 29న ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకో తలుపు తెరిచాయి. నాణ్యత కీలకమని ముందే ప్రకటించిన పనుల్లో ధరతో పాటు నాణ్యతకూ తూకం ఇవ్వొచ్చని, అది 30 శాతం దాటకూడదని చెప్పాయి. మార్కుల భయం ఇక్కడ నిజంగానే ఉంటుంది. అందుకే మార్కులు దేనికి వేస్తున్నామన్నది ముఖ్యం. టర్నోవరుకు, గతంలో చేసిన అతి పెద్ద పనికి మార్కులు వేస్తే అది పనితనం పరీక్ష కాదు, పరిమాణం పరీక్ష. చిన్న కాంట్రాక్టర్లు భయపడేది దీనికే, ఆ భయం న్యాయమైనది కూడా. వాళ్లను కాపాడాలంటే మార్కులు చేసిన పని రికార్డుకు పడాలి. గత పనుల్లో కాంక్రీటు బలాన్ని తేల్చే క్యూబ్ పరీక్షల ఫలితాలెలా వచ్చాయి, గడువు ఎంత దాటింది, లోపాలకు కాంట్రాక్టరే బాధ్యత వహించే డిఫెక్ట్ లయబిలిటీ కాలంలో ఎన్నిసార్లు మరమ్మతు అవసరమైంది, కూలీల ప్రమాదాలెన్ని అన్నవి ప్రతి డివిజన్ ఆఫీసులో ఇప్పటికే ఏదో ఒక ఫైల్లో ఉన్నాయి. వాటిని కాంట్రాక్టరు పేరు మీద ఒకచోట చేర్చి, అందరూ చూసేలా పెడితే, అరకోటి పనులు శ్రద్ధగా చేసుకునే మండల స్థాయి కాంట్రాక్టరు చేతికి పెద్ద సంస్థల దగ్గర కూడా లేని ఆయుధం వస్తుంది. రికార్డు బహిరంగమైతే కమిటీ దాన్ని తిప్పి రాయడమూ కష్టం. జపాన్ 2005లో ప్రజాపనుల నాణ్యత కోసం ప్రత్యేకంగా చట్టం చేసి, ధరనూ నాణ్యతనూ కలిపి చూసే పద్ధతికి మళ్లింది. 2014లో ఆ చట్టాన్ని సవరిస్తూ కాంట్రాక్టరుకు న్యాయమైన లాభం దక్కేలా, రేపటి పనివాళ్లు తయారయ్యేలా చూడడం కూడా పని ఇచ్చేవారి బాధ్యతేనంది. నాకు ఈ రెండో మాట మొదటిదానికన్నా పెద్దదనిపిస్తుంది. మన దగ్గర 1998లో హైదరాబాదులో నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ పెట్టి మేస్త్రీలకూ ఇతర పనివాళ్లకూ శిక్షణ ఇస్తూ వచ్చాం. కానీ శిక్షణ పొందిన మేస్త్రీని పెట్టుకున్న కాంట్రాక్టరుకు ధరే తేల్చే టెండర్లో పిసరంత మొగ్గు లేదు. అలాంటప్పుడు ఆ మేస్త్రీకి కూలి పదిశాతం ఎక్కువ ఇచ్చి ఎవరు పెట్టుకుంటారు?

కాంట్రాక్టర్ల తరఫున చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది, దాన్ని చెప్పకుండా విలువ గురించి మాట్లాడడం అన్యాయం. బిల్లులు నెలల తరబడి, కొన్నిచోట్ల ఏళ్ల తరబడి నిలిచిపోతే ఏ నాణ్యతా నిలవదు. అప్పు మీద వడ్డీ కట్టుకుంటూ పని నడిపేవాడు మొదట కోసేది పరీక్షల ఖర్చే. ఇందాక చెప్పిన 2021 మార్గదర్శకాలే బిల్లు పెట్టిన 10 పనిదినాల్లో కనీసం 75 శాతం, మిగతాది 28 పనిదినాల్లో చెల్లించాలన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ క్రమశిక్షణ వస్తే, కొత్త నిబంధన ఒక్కటి కూడా రాయకుండానే కోట్‌లు సగం బాగుపడతాయని నా నమ్మకం. చెల్లింపు ఎప్పుడొస్తుందో తెలియని పనికి ఓపికగా లెక్కలు వేసుకునే కాంట్రాక్టరు దూరంగా ఉంటాడు, ఏదోలా నెట్టుకురావచ్చనుకునేవాడు ముందుకొస్తాడు.

ఇంతవరకూ ప్రభుత్వ పనుల గురించి చెప్పాను. సొంత ఇల్లు కట్టుకునేవాళ్ల విషయానికొస్తే అక్కడ టెండరు ఫారం కూడా లేదు, ‘చదరపు అడుగుకు ఎంత’ అన్న ప్రశ్న ఒక్కటే ఉంది. జీవితకాలపు పొదుపు పెట్టే మనిషి ముగ్గురు కాంట్రాక్టర్లను అడిగి, తక్కువ చెప్పినవారికి అడ్వాన్సు ఇస్తాడు. ఆ ముగ్గురూ చెప్పిన రేట్లలో కాంక్రీటు గ్రేడు ఎం20నా ఎం25నా, స్టీలు ఎన్ని కిలోలు, క్యూరింగ్ ఎన్ని రోజులు అన్నవి వేరువేరు. అంటే ఆ మూడు రేట్లూ మూడు వేరే ఇళ్లవి. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీ వంటి మిశ్రమ సిమెంట్లకు 10 రోజులు క్యూరింగ్ చేయాలి. వేడి, పొడి వాతావరణంలో వాటిని 10, 14 రోజులకు పెంచమంటుంది. మన వేసవిలో ఏది వర్తిస్తుందో వేరే చెప్పాలా? తక్కువ ఆదాయం ఉన్నవాళ్లు విలువ చూసుకోలేరు, ధరే చూసుకోవాలి అన్నది ఇక్కడ తరచూ వినబడే అభ్యంతరం. నిజానికి కారే స్లాబును మళ్లీ బాగుచేయించుకునే స్తోమత లేనిది వాళ్లకే. ఎక్కువ డబ్బు పెట్టమని నేననడం లేదు. ఉన్న డబ్బుకు ఏమొస్తుందో రాసివ్వమని అడిగితే చాలు, పోటీ సగం మారిపోతుంది.

ఇక్కడే కాంట్రాక్టర్లు చేయాల్సింది మొదలవుతుంది. పనితనం ఉందని చెప్పుకుంటే సరిపోదు, దాన్ని చూపించాలి. వివరంగా రాసిన స్పెసిఫికేషను, ప్రతి స్లాబుకూ 7వ రోజు, 28వ రోజు క్యూబ్ పరీక్ష ఫలితాలు, ప్లాస్టరింగ్‌కు ముందు తీసిన ఫొటోలు, రాతపూర్వకమైన వారంటీ, కట్టిన ఐదేళ్ల తరువాత కూడా ఇల్లు చూపించడానికి ఒప్పుకునే పాత యజమానుల ఫోన్ నంబర్లు. పెద్ద ప్రాజెక్టుల్లో నిర్మాణ లోపాలకు ఐదేళ్ల బాధ్యతను 2016 రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) డెవలపర్ మీద ఇప్పటికే పెట్టింది. చిన్న కాంట్రాక్టరు తనంతట తాను అదే మాట ఇస్తే చదరపు అడుగుకు వంద రూపాయలు ఎక్కువ అడిగే హక్కు అతనికి వస్తుంది, ఇవ్వడానికి మనుషులూ దొరుకుతారు. మాట ఇవ్వలేనివాళ్లు ఎవరో కూడా అప్పుడే బయటపడుతుంది.

ఈ సభలో ప్రభుత్వ శాఖల ఇంజనీర్లున్నారు, కాంట్రాక్టర్ల సంఘాల పెద్దలున్నారు. మీకు నా విన్నపం ఒకటే. రాష్ట్రమంతా ఒకేసారి మారే దాకా ఎదురుచూడకండి. వచ్చే ఏడాది పిలిచే పనుల్లో కొన్నింటినైనా, ఒక్క డివిజన్‌లోనైనా, నిర్వహణ ధరతో కలిపి పిలవండి. ఆ డివిజన్ కాంట్రాక్టర్ల పని రికార్డును అందరికీ కనబడేలా పెట్టండి. వాళ్ల బిల్లులు చెప్పిన గడువులో చెల్లించండి. ఐదేళ్ల తరువాత ఆ రోడ్ల మీదా, పక్క డివిజన్ రోడ్ల మీదా అయిన మొత్తం ఖర్చును పక్కపక్కన అచ్చువేసి ప్రజల ముందు పెట్టండి.