దేవుడు కలడా యను ప్రశ్నయు, మన ఆదివారపు తరగతియు

(బరంపురమున మన సంఘ సర్వసభ్య సమావేశమునందు ఒక వర్తక సభ్యులు చేసిన ప్రసంగపాఠము)



మేము పండితులము కాము. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. ముగిసిన కొలది దినములకే నాన్నగారి బియ్యపు కొట్టులో గల్లాపెట్టె ముందు కూర్చుంటిమి. ఇట్టివారికి దైవమునుగూర్చి మాటలాడుటకు అర్హత యేమని మీరడుగవచ్చును. అర్హత లేదు, అగత్యము కలిగినది. కావున సాహసించుచున్నాము.

సంగతి మీరెల్లరు ఎరిగినదే. 2025 సెప్టెంబరు 7వ తేది ఆదివారము రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణము పట్టినది. మన పిల్లలకు ఆదివారములందు తెలుగు అక్షరములు నేర్పు యువకుడు ఆ రాత్రి కొందరు పిల్లలను మేడపైకి తోడ్కొనిపోయి, మబ్బుల సందున గ్రహణము చూపి, పట్టుకాలమునందే వారిచేత జంతికలు తినిపించెను. రాహువు లేడు, కేతువు లేడు, అది భూమి నీడయే యని చెప్పెనట. ఒక బాలిక "మరి దేవుడో?" అని యడుగగా, "నాకు కనబడలేదమ్మా" అని బదులు చెప్పెనట. మరుసటి వారము నలుగురు తలిదండ్రులు పిల్లలను మాన్పించిరి. అతనిని తరగతినుండి తొలగింపవలెనను తీర్మానము నేడు సభ ముందున్నది.

మొదట గ్రహణపు మాట. మా కొట్టులో వ్రేలాడు పంచాంగమున స్పర్శకాలము రాత్రి 9 గంటల 57 నిమిషములనియు, మోక్షకాలము 1 గంట 26 నిమిషములనియు ఉన్నది. ఖగోళ శాస్త్రజ్ఞులు ప్రకటించినదియు ఆ వేళయే. పాము వచ్చి మ్రింగునదైనచో దాని యాకలి నిమిషములతో సహా ముందుగా గుణింపవచ్చునా? ఆర్యభటుడు 499వ సంవత్సర ప్రాంతమున వ్రాసిన గ్రంథముననే, చంద్రుని భూచ్ఛాయయు, సూర్యుని చంద్రుడును కప్పుట వలన గ్రహణములు కలుగునని చెప్పెను. అంతదూర మేల? 1868 ఆగస్టు 18న జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకై మన గుంటూరునకు వచ్చియుండెను. ఆ యేటి పరిశీలనలతోనే హీలియమను వాయువు జాడ లోకమునకు దొరకినది. కనుక రాహువు విషయమున ఆ యువకుడు కొత్తమాట యేదియు చెప్పలేదు. పంచాంగకర్త యెరిగినదే చెప్పెను. ఇక జంతికలు పెద్దల ననుమతి యడుగక పెట్టుట పొరపాటు. ఆ మాట అతనితో మేమే చెప్పితిమి, అతడొప్పుకొనెను.

అయినను రాహువు లేడని తేలినంత మాత్రమున దేవుడు లేడని తేలునా? తేలదు. ఇక్కడనే అసలు వ్యవహారము మొదలగుచున్నది.

దీనిని గ్రంథములతో గాక, మనమందరము అనుభవించిన గాలివానతో విచారించుదము. 2013 అక్టోబరు 12, దుర్గాష్టమి రాత్రి, ఫైలిన్ తుపాను గోపాలపురమువద్ద తీరము దాటినది. గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలి. మా గిడ్డంగి రేకులు కాగితములవలె లేచిపోయినవి; బస్తాలన్నియు తడిసి మొలకెత్తినవి. మా అమ్మగారు పూజగదిలో దీపము కొండెక్కకుండ రెండు చేతులు అడ్డుపెట్టి తెల్లవారువరకు కూర్చుండిరి. ఉదయమున వీధిలోనికి వచ్చిన ప్రతివారును, ఒడియావారైనను తెలుగువారైనను, "ఠాకురాణి అమ్మవారు కాపాడినది" అని చేతులు జోడించిరి. మేమును జోడించితిమి.

తరువాత తెలిసినదేమి? అండమాను దిక్కున అల్పపీడనముగా పుట్టిననాటినుండి వాతావరణశాఖవారు దానిని ఉపగ్రహములతోను, తీరము చేరువైన పిదప విశాఖపట్టణపు డాప్లర్ రాడారుతోను కనిపెట్టుచునే యున్నారు. ఎక్కడ దాటునో ముందే చెప్పిరి. ఒడిస్సా ప్రభుత్వము దాదాపు 10 లక్షల మందిని పల్లెలు ఖాళీచేయించి బడులకును, తుపాను ఆశ్రయములకును తరలించెను. 1999 అక్టోబరు 29న పారాదీపువద్ద దాటిన మహా తుపానునందు దాదాపు 10,000 మంది పోయిన రాష్ట్రముననే ఈ పర్యాయము మృతుల సంఖ్య పదులలో నిలిచినది. సముద్రజలము 26, 27 డిగ్రీలకు మించి వేడెక్కునపుడు తడిగాలి పైకి లేచుననియు, ఆవిరి నీరగునపుడు విడుదలయగు వేడియే ఆ గాలికి వంటచెరకనియు, భూభ్రమణమువలన అది సుడి తిరుగుననియు, నేల నెక్కగానే వంటచెరకు తీరి చల్లారుననియు శాస్త్రజ్ఞులు వివరింతురు. ఇందులో ఎచ్చటను దేవతకు పని కనబడదు.

ఆ యువకుడు ఇదే చెప్పును. అమ్మవారు కాపాడినదందురేని, గాలిని పంపినదెవరని అడుగును. ఈ ప్రశ్న మాకు కొత్తది కాదు. 1999లోనే, మహా తుపానుకు పండ్రెండు దినములు ముందు, అక్టోబరు 17న మన గోపాలపురముమీదనే ఒక తుపాను వచ్చినది. చాలమందికి జ్ఞాపకముండును. నాడు మా కొట్టు గుమాస్తాగారు గోడకూలి మరణించిరి. ఆయన విష్ణుసహస్రనామము చదువనిదే పెట్టె తాళము తీయువారు కారు. పైస తేడా రానిచ్చువారు కారు. మాకప్పుడు పందొమ్మిదేండ్లు. ఓదార్పవచ్చిన పెద్ద లొకరు "పూర్వకర్మ" అనిరి. ఆయన భార్య ఆ మాట విని తల యెత్తి చూచినది, ఏమియు అనలేదు. ఆ చూపునకు తగిన సమాధానము నేటివరకు మాకు లభింపలేదు. లభించినదని చెప్పువారిని మేమంతగా నమ్మము.

ఇట్టి ప్రశ్న లడుగుట పరదేశపు చదువుల ఫలమని కొందరు సభ్యులు వ్రాసిరి. అది సరికాదు. చార్వాకుల మాట విడువుడు. వేదమునే ప్రమాణముగా నిలుపుటకు జీవితము ధారపోసిన కుమారిలభట్టు తన శ్లోకవార్తికమున సృష్టికర్త లేడని వాదించెను. కరుణచే లోకమును సృజించెనందురేని, సృష్టికి ముందు కరుణింపదగిన ప్రాణి యెవరుండిరి? కరుణయే కారణమైనచో దుఃఖము లేని లోకమును చేయరాదా? ఇవి ఆయన లేవదీసిన శంకలు. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలో ప్రకృతి పురుషులు కలరు గాని ఈశ్వరుడు కానరాడు. ఋగ్వేదము పదియవ మండలమున 129వ సూక్తము సృష్టి మూలమునుగూర్చి పలికి, పైనుండి చూచువానికైనను అది తెలియునో తెలియదో యను సందేహముతోనే ముగియును. ఎదుటి పక్షమున ఉదయనాచార్యుడు, సుమారు వేయేండ్ల క్రిందట, న్యాయకుసుమాంజలి వ్రాసి, కుండకు కుమ్మరివలె కార్యమైన జగత్తునకు కర్త యుండవలెనని స్థాపింప జూచెను. రెండు పక్షములవారును మనవారే. ఏ పక్షమువారిని మన సంప్రదాయము బడినుండి వెళ్లగొట్టినది?

కుమ్మరి యుక్తి మాకు చిన్ననాటినుండి నచ్చినది. మా అమ్మగారు నేటికిని అదే చెప్పుదురు. కాని 1859లో డార్విను తన గ్రంథమును ప్రకటించిన పిదప దాని బలము తగ్గినదని ఒప్పుకొనక తప్పదు. కన్నువంటి సూక్ష్మయంత్రము సయితము, తరతరముల చిన్న చిన్న మార్పులలో అక్కరకు వచ్చినవి మిగులుచు రాగా ఏర్పడగలదని ఆయన చూపెను. కుండ తనంతట పిల్లలను కనదు, ప్రాణి కనును. ఆ యుక్తిలోని లోపము అచ్చటనే యున్నది.

మనవారిలో మరికొందరు శాస్త్రమునే దేవుని పక్షమున సాక్షిగా పిలుతురు. ఈ సాక్ష్యమును తూచి చూడవలెను. 1965లో పెంజియాసు, విల్సను అనువారు ఆకాశమున నలుదిక్కులనుండి వచ్చు మందమైన తరంగములను కనుగొన్నట్లు ప్రకటించిరి. అది విశ్వపు తొలినాటి వేడికి మిగిలిన శేషము. విశ్వము వయస్సు నేడు సుమారు 1380 కోట్ల సంవత్సరములని లెక్క. ఆదియున్నది గనుక ఆదికర్త యుండెనని వెంటనే తేల్చుట తొందరపాటు. విశ్వవ్యాకోచమును మొదట ప్రతిపాదించినవారిలో నొకడైన లెమైతరు క్రైస్తవ పురోహితుడు. అయినను, 1951లో పోపుగారు ఆ సిద్ధాంతమును సృష్టికి సాక్ష్యమువలె కొనియాడగా, ఆయనకే అది రుచింపలేదు. మనవారు కల్పము 432 కోట్ల సంవత్సరములు, భూమి వయస్సు సుమారు 454 కోట్లు, ఇంచుమించు కలిసినవి చూడుడని సంతసింతురు. లెక్క సరిగా చూడవలెను. 432 కోట్లు బ్రహ్మకు పూర్తి పగలు. మనము సంకల్పమున చెప్పుకొను వైవస్వత మన్వంతర కలియుగమువరకు గడచినది సుమారు 197 కోట్లే. ఇది సగమునకైనను సరిపోదు. కాటా తనవైపు మొగ్గినపుడు మాత్రము చూచి, మొగ్గనపుడు కన్ను మూసికొను వర్తకుని మీరేమందురో, అట్టివారిని మేమును అదే అందుము.

మరి మీ మత మేమందురా? మేము నమ్ముదుము. ప్రతి యుదయము దీపము పెట్టి కొట్టు తెరతుము. ఆ నమ్మకమును లెక్కవ్రాసి చూపుమన్నచో చూపలేము. చూపగలమని పిల్లలతో బొంకలేము. ఆ యువకుడు కనబడలేదనెను గాని లేడనలేదు. ఈ రెంటికి గల భేదము గమనింపుడు. ఒకవేళ లేడనియే యన్నాడనుకొందము. మన తెలుగుదేశమున గోరాగారు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రము స్థాపించిరి. ఆయన నిత్యప్రార్థన గల సేవాగ్రామమునకు పోయి గాంధీజీతో నాస్తికమునుగూర్చి చర్చించిరి. ఆ సంభాషణలు 1951లో గ్రంథముగా వెలువడినవి. గాంధీజీ ఆయనను పొమ్మనలేదు. గోరాగారు అస్పృశ్యతా నివారణకు చేయు పనిని మెచ్చిరి.

మన పరిస్థితి యేమి? 1936 ఏప్రిల్ 1న గంజాము ఒడిస్సాలో చేరిననాటినుండి ఇచ్చట తెలుగు మన యిండ్లలోను, సంఘ తరగతిలోను నిలిచియున్నది. ఇంటిలో మాటలాడు పిల్లలు గలరు గాని, వ్రాయగలవారు ఏటేటికి తగ్గుచున్నారు. ఆ తరగతికి మరియొక ఉపాధ్యాయుని తెచ్చెదమని తీర్మానము పెట్టినవారు హామీ ఇచ్చిరా? మేమడిగితిమి, ఇవ్వలేదు. అతడు జీతము లేక, వత్తులు ఏవో పొల్లులు ఏవో పిల్లలకు ఓర్పుతో దిద్దించుచున్నాడు. మేడపై ఆ రాత్రి చంద్రుని చూచిన పిల్లలలో గుమాస్తాగారి మనుమడును గలడు. ఆ నాయనమ్మగారు నేటికిని సంధ్యవేళ దీపము పెట్టుదురు. మనుమని మాత్రము మాన్పింపలేదు.

కాబట్టి తీర్మానమునకు మేము వ్యతిరేకముగా ఓటు వేయుచున్నాము. దానికి బదులుగా ఒక సవరణ ప్రతిపాదించుచున్నాము. పిల్లలకు ఆహార విషయమునను, రాత్రివేళ తోడ్కొనిపోవుటయందును తలిదండ్రుల ననుమతి ముందుగా పొందవలెను. దైవ విషయమున పిల్ల అడిగినచో "మీ ఇంటివారిని కూడ అడుగుము" అని చెప్పవలెను. యువకుడు ఇందులకు సమ్మతించి సంతకము చేసియున్నాడు. ఆ కాగితము కార్యదర్శిగారి యొద్దనున్నది. వచ్చు ఆదివారము ఉదయము 9 గంటలకు తరగతి జరుగును. మానిన నలుగురి పలకలు, పుస్తకములు బీరువాలో భద్రముగా నున్నవి.