మగ్గం ఇంట్లో ఎముకల బలం: మాత్ర కన్నా ముందు ముద్ద, ఎండ

(సమాఖ్య వార్షికోత్సవ సభలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో నూలు ధర గురించి, కూలి గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి ఒళ్ళు గురించి మాట్లాడమని పెద్దలు మాకు చెప్పారు. మేము ఎముకల సంగతి ఎంచుకున్నాం. ఎందుకంటే ఈమధ్య మన ఇళ్ళల్లో ఏ అలమర తెరిచినా ఒక కాల్షియం డబ్బా కనిపిస్తోంది. ఎవరు రాసిచ్చారంటే పక్కింటావిడ చెప్పిందంటారు, మెడికల్ షాపాయన ఇచ్చాడంటారు. ఎన్నాళ్ళు వాడాలో తెలియదు, ఎప్పుడు వేసుకోవాలో తెలియదు. నొప్పి మాత్రం అలాగే ఉంటుంది.

మనకు ఒళ్ళే పెట్టుబడి. నెల జీతగాళ్ళకైతే సెలవు ఉంటుంది. మనకు మగ్గం ఆగిన రోజు కూలి ఆగినట్టే. అరవై దాటిన అమ్మ బచ్చలింట్లో జారిపడి తుంటి విరిగిందనుకోండి, ఆపరేషన్ ఖర్చు ఒక్కటే కాదు. ఆమెను చూసుకోవడానికి కోడలో కూతురో కండెలు చుట్టే పని మానాలి. ఒక ఎముక విరిగితే ఇంట్లో రెండు జతల చేతులు పని మానేస్తాయి. అందుకే ఇది డాక్టర్లకు వదిలేసే విషయం కాదు, మన లెక్కల పుస్తకంలో రాసుకోవలసిన విషయం.

ప్రతి నొప్పీ కాల్షియం లోపం కాదు

ముందుగా ఈ మాట చెప్పుకోవాలి. గుంట మగ్గంలో నడుము వంచి కూర్చునేవారికి నడుం నొప్పి వస్తుంది. పవర్‌లూమ్ దగ్గర పొద్దస్తమానం నిలబడేవారికి మోకాళ్ళు, మడమలు పట్టేస్తాయి. ఇవి చాలావరకు కండరాల, కీళ్ళ బాధలు. పోచంపల్లి చీరలకు ఆసు పోసే ఆడవాళ్ళు ఒక్క చీరకు వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. వాళ్ళ అమ్మగారు లక్ష్మమ్మ పడే భుజం నొప్పి చూడలేకనే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ నొప్పికి మందు యంత్రమే అయింది, మాత్ర కాలేదు. కూర్చునే ఎత్తు మార్చడం, గంటకోసారి లేచి నాలుగడుగులు వెయ్యడం, నడుముకు ఆనుడు పెట్టుకోవడం, ఇవి అలాంటి నొప్పులకు చేసుకోవలసిన పనులు.

మరి ఎముక బలహీనపడితే ఎలా తెలుస్తుంది? రెండు రకాలుగా ఉంటుంది. మొదటిది ఎముక మెత్తబడటం. తొడలు, తుంటి, పక్కటెముకలు లోపల్నుంచి సలుపుతుంటాయి, ఒళ్ళు నీరసంగా ఉంటుంది. గుంటలోంచి లేవాలంటే రెండు చేతులూ మోపితే తప్ప లేవలేరు, మెట్లెక్కలేరు. ఇది ఎక్కువగా విటమిన్ డి లోపం వల్ల వస్తుంది. రెండోది ఎముక గుల్లబారటం, అంటే ఆస్టియోపోరోసిస్. ఇది నొప్పి లేకుండానే వస్తుంది. విరిగేదాకా తెలియదు. పొడవు తగ్గడం, వీపు గూని తిరగడం, చిన్నగా పడినా మణికట్టు విరగడం దీని గుర్తులు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్ళలో ఇది తొందరగా ముదురుతుంది. ఈ గుర్తుల్లో ఏది కనబడినా షాపుకు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

పడుగు, పేక, నాడె

ఎముకను కూడా ఒక నేత అనుకోండి. మాంసకృత్తులు పడుగు. కాల్షియం, భాస్వరం పేక. ఆ పేకను లోపలికి చేర్చే నాడె విటమిన్ డి. నాడె లేకుండా పేక నూలు బుట్టలకొద్దీ తెచ్చి పక్కన పెట్టుకుంటే బట్ట అవుతుందా? కాల్షియం మాత్రలు మాత్రమే మింగడం అలాంటిదే. ఒంట్లో విటమిన్ డి చాలినంత లేకపోతే, తిన్న కాల్షియంలో నూటికి పది పదిహేను పాళ్ళే రక్తంలోకి పోతుంది. చాలినంత ఉంటే ముప్పై నలభై పాళ్ళ దాకా పోతుంది. పప్పు, గుడ్డు, చేప, పెరుగు తగ్గించి మాత్ర మీద ఆధారపడితే అది పడుగు లేని నేత.

ఎముక ముప్పై ఏళ్ళ వయసు దాకా గట్టిపడుతుంది. ఆ తర్వాత దాచుకున్నదే ఖర్చు పెట్టుకుంటూ వస్తాం. కాబట్టి అమ్మ మోకాలి కన్నా ముందు పదమూడేళ్ళ కూతురి కంచం చూడాలి. వెనకటికి మన ఇళ్ళల్లో ఆడపిల్ల పెద్దమనిషి అయితే చిమ్మిలి దంచి పెట్టేవారు. నువ్వులు, బెల్లం. ఎంత మంచి ఆచారమో చూడండి. దాన్ని ఆ నాలుగు రోజులకే పరిమితం చెయ్యకుండా ఏడాది పొడుగునా పెడదాం.

ఎండ మన ఇళ్ళల్లోంచి ఎలా పోయింది

మన తాతల కాలంలో పడుగు వీధిలో చాచి, గంజి పెట్టి, కుంచెతో దువ్వేవారు. తెల్లారి మొదలుపెట్టి పొద్దెక్కేదాకా ఇంటిల్లిపాదీ ఆరుబయట ఉండేవారు. ఇప్పుడు పడుగు తయారై బీముగా చుట్టుకుని ఇంటికొస్తుంది. కబ్బన్‌పేట లాంటి ఇరుకు సందుల్లో కింద మగ్గం, పైన కాపురం. పక్క మేడ నీడ మన కిటికీ మీద. పొద్దున పనిలో కూర్చుంటే రాత్రి దాకా ఎండ మొహం చూడం. పని సులువైంది, ఎండ పోయింది.

తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు ఆ చుట్టుపక్కల ఊళ్ళ వారిని, పట్నం వారిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. ఆరోగ్యంగా కనబడేవారిలో కూడా విటమిన్ డి తక్కువగా ఉంది, తిండిలో కాల్షియమూ తక్కువే. పొలంలో పని చేసేవారికన్నా పట్నంలో నీడపట్టున ఉండేవారిలో లోపం ఎక్కువ. వాళ్ళే ఇంకో సంగతి తేల్చారు. తిరుపతిలో చర్మం విటమిన్ డి బాగా తయారు చేసుకునేది ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు లోపు ఎండలో. తిరుపతీ బెంగళూరూ దాదాపు ఒకే అక్షాంశం మీద ఉన్నాయి కాబట్టి మనకూ అదే లెక్క. "పొద్దున ఆరింటి లేత ఎండ మంచిది" అని మనం అనుకుంటాం. నడకకు అది మంచిదే, విటమిన్ డి కి మాత్రం చాలదు. అద్దం కిటికీ వెనకాల కూర్చున్నా లాభం లేదు, ఆ కిరణాలను అద్దం ఆపేస్తుంది.

మరేం చెయ్యాలి? భోజనానికి లేచేటప్పుడు మేడ మీదికి వెళ్ళండి. మొహం, చేతులు, కాళ్ళు ఎండ తగిలేలా ఇరవై ముప్పై నిమిషాలు, వారానికి మూడు నాలుగు సార్లు. తల తిరిగేంతసేపు వద్దు. కండెలు చుట్టే పని మేడ మీద పెట్టుకోవచ్చు. రంగు వెలుస్తుందని భయమైతే నూలు మీద గుడ్డ కప్పండి. నూలుకు నీడ, మనకు ఎండ.

రోజుకు ఎంత, ఎక్కడ దొరుకుతుంది

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, పెద్దవారికి రోజుకు 600 మిల్లీగ్రాముల కాల్షియం చాలని ఇదివరకు చెప్పేది. 2020లో దాన్ని 1000కి పెంచింది. పాలిచ్చే తల్లులకు, నెలసరి ఆగినవారికి 1200. ఇది మన వంటింట్లో దొరుకుతుందా అంటే, దొరుకుతుంది. లెక్క చూద్దాం.

వంద గ్రాముల రాగి పిండిలో సుమారు 340 మిల్లీగ్రాములు. అంతే బియ్యంలో పది కూడా గట్టిగా ఉండదు.
ఒక గ్లాసు, అంటే 200 మిల్లీలీటర్ల పాలలో సుమారు 240.
ఒక కప్పు పెరుగులో సుమారు 150.
పొట్టు తియ్యని నువ్వులు రెండు చెంచాలు, అంటే 15 గ్రాములైతే సుమారు 180 నుంచి 200.

ఈ నాలుగూ కలిపితేనే 900 దాటింది. పైన గుప్పెడు మునగాకో మెంతికూరో, కాస్త పప్పో పడితే వెయ్యి నిండుతుంది. పాలకూరను మాత్రం ఈ లెక్కలో వెయ్యకండి. అందులో కాల్షియం ఉన్నా ఆక్సలేటు దాన్ని పట్టేసుకుంటుంది, ఒంటికి నూటికి అయిదు పాళ్ళే అందుతుంది. చేపలు తినేవారు ముల్లుతో నమిలే చిన్న చేపలు తినండి.

మనం ఉన్నది రాగుల సీమలో. ఇక్కడివాళ్ళు ముద్దె అంటారు, మన రాయలసీమ వాళ్ళు సంగటి అంటారు. నాలుగు డబ్బులు చేతికి రాగానే మన ఇళ్ళల్లో మొదట పక్కకు పోయింది ఇదే. సంగటి పేదవాళ్ళ తిండి, తెల్లన్నం గౌరవం అనుకున్నాం. ఇప్పుడు డాక్టరు చెబితే అదే రాగి పిండిని డబ్బాలో పోసిన హెల్త్ మిక్స్ అని కొంటున్నాం. రాగులు నానబెట్టి మొలక కట్టించి పిండి పట్టించినా, అంబలి పులియబెట్టినా కాల్షియం ఇంకా బాగా ఒంటబడుతుంది. రేషన్‌లో రాగులు వస్తే అమ్ముకోకండి. బడిలో క్షీరభాగ్య పథకం కింద 2013 నుంచి పిల్లలకు పాలు ఇస్తున్నారు, 2024 నుంచి రాగి మాల్ట్ కూడా కలిపారు. పిల్లలు తాగుతున్నారో పారబోస్తున్నారో ఒకసారి అడగండి.

మాత్ర ఎవరికి, ఎలా

మాత్రలు వద్దని మేము అనడం లేదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, నెలసరి ఆగినవారికి, పాలు పడనివారికి, ఎముక గుల్లబారిందని తేలినవారికి అవి అవసరమే. గర్భిణులకు నాలుగో నెల నుంచి, కాన్పు అయ్యాక ఆరు నెలల దాకా రోజుకు రెండు కాల్షియం మాత్రలు ఇవ్వాలని 2014లోనే కేంద్ర ప్రభుత్వం మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా అడగండి. అది మన హక్కు.

వాడేవారు ఈ నాలుగు మాటలు గుర్తుపెట్టుకోవాలి.

ఒకటి, డబ్బా మీద అంకె జాగ్రత్తగా చదవండి. కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు అని ఉంటే అందులో అసలు కాల్షియం 500. అదే సిట్రేట్ అయితే వెయ్యికి 210 మాత్రమే.

రెండు, ఒకేసారి 500 మించితే ఒళ్ళు పూర్తిగా తీసుకోలేదు. రెండు మాత్రలైతే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. కార్బొనేట్ అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. సిట్రేట్ ఎప్పుడైనా ఫరవాలేదు. గ్యాస్ మాత్రలు రోజూ వాడేవారికి సిట్రేట్ నయం.

మూడు, ఐరన్ మాత్రతో కలిపి వేసుకోకండి, కాల్షియం ఐరన్‌ను ఒంటబట్టకుండా అడ్డుకుంటుంది. థైరాయిడ్ మాత్రకు, దీనికి నాలుగు గంటల ఎడం ఉండాలి. కిడ్నీలో రాళ్ళు వచ్చినవారు డాక్టరును అడగకుండా వాడకండి.

నాలుగు, విటమిన్ డి 60,000 యూనిట్ల మాత్ర లేదా పొడి వారానికి ఒకటి చొప్పున కొద్ది వారాలకే రాస్తారు. దాన్ని రోజూ వేసుకుంటే ప్రమాదం, రక్తంలో కాల్షియం మితిమీరి కిడ్నీలు దెబ్బతింటాయి.

మెగ్నీషియం, జింకు, విటమిన్ కె అని ఖరీదైన డబ్బాలు వస్తున్నాయి. రాగులు, పప్పులు, వేరుశనగ, నువ్వులు, ఆకుకూరలు తినేవారికి ఇవి చాలావరకు కంచంలోనే అందుతాయి. రక్తం పలచబడే మందు వార్ఫరిన్ వాడేవారైతే విటమిన్ కె ను సొంతంగా తాకనే వద్దు. డాక్టరు రాసిన మాత్రలు జన ఔషధి దుకాణంలో తక్కువ ధరకు దొరుకుతాయి.

ఎముకను తినేసేవి

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒక్క రోజులో నొప్పి మాయం చేసే పేరు లేని పొట్లాలు, రంగు మాత్రలు కొందరు అమ్ముతారు. వాటిలో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. నెలల తరబడి వాడితే మొహం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముక లోపల్నుంచి గుల్లబారుతుంది. పండగ ముందు చీరలు దించాలనే తొందరలో వీటిని నమ్ముకుంటే, ఆ నెల కూలి మిగులుతుంది, తర్వాతి పదేళ్ళ కూలి పోతుంది. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు హఠాత్తుగా మానకండి, అదీ ప్రమాదమే. ఆ పొట్లం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

తాంబూలంలో సున్నం ఉంది కదా, కాల్షియమే కదా అని కొందరు పెద్దలు అంటారు. సున్నంతో పాటు వక్క, పొగాకు కూడా నోట్లోకి వెళ్తున్నాయి. వక్క ఒక్కటే అయినా నోటి క్యాన్సర్‌కు కారణమని తేలింది. పొగాకు ఎముకకూ చేటే.

నీళ్ళ సంగతి కూడా ఉంది. నల్గొండ జిల్లా ఫ్లోరైడ్ ఊళ్ళల్లో పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోవడాన్ని 1970లలో పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు పరిశీలించారు. తిండిలో కాల్షియం తక్కువైన చోట ఆ నీళ్ళు ఇంకా ఎక్కువ హాని చేస్తాయి. పావగడ, బాగేపల్లి వైపు ఉండే మన బంధువులు బోరు నీళ్ళు పరీక్ష చేయించుకోవాలి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. కాచితే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది.

సమాఖ్యకు మా మనవి

పెద్దలకు మూడు మనవులు. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం నాడు శాలువాలతో పాటు ఎముకల పరీక్షా శిబిరం పెట్టండి. యాభై దాటిన ఆడవాళ్ళను, రోజువారీ నొప్పి మాత్రలు వాడేవారిని ముందు పిలవండి. ప్రతి శాఖ సమావేశంలో కాఫీ బిస్కట్లకు బదులు రాగి అంబలి, నువ్వుల ఉండ పెట్టండి. ఖర్చు పెరగదు. కొత్తగా మగ్గాల షెడ్డుకు, ఇంటికి లోను రాయించేటప్పుడు వెలుతురు పడే కిటికీ, మేడ మీదికి పట్టుకోవడానికి కమ్మీ ఉన్న మెట్లు ఉండేలా చూడండి.

అక్కచెల్లెళ్ళకు ఒకే మాట. ఇంట్లో అందరికీ వడ్డించాక గిన్నెలో మిగిలింది తినే అలవాటు మనది. పాలు పిల్లలకు, పెరుగు మగవాళ్ళకు, మనకు చారునీళ్ళు. కాన్పులకు, పాలివ్వడానికి ఎముకలోంచి ఎక్కువ ఖర్చు పెట్టేది మనమే, తిరిగి జమ చేసుకోనిది కూడా మనమే. రేపటి నుంచి మీ కంచంలోకి ఒక ముద్ద, ఒక కప్పు పెరుగు ముందే తీసి పెట్టుకోండి. అది స్వార్థం కాదు. ఇంటి మగ్గం ఆగకుండా చూసుకోవడం.

 జై చేనేత!