నందికొండ లెక్క ఎవరు రాయాలె?
(ఎర్రమంజిల్‌లో విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

జలసౌధ పక్కన నిలబడి మాట్లాడుతున్నం. కృష్ణా, గోదావరి నీళ్ల లెక్కలు చూసే ఆఫీసు ఇది. అందుకే మేము ఇయ్యాల ఒక చిన్న ఊరి లెక్క చెప్పదలచుకున్నం. ఆ ఊరు నల్లగొండ జిల్లా నందికొండ.

మనం నాగార్జునసాగర్ అంటున్న డ్యామ్‌కు మొదట్ల పేరు నందికొండ ప్రాజెక్టే. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిండు. ఆ తారీఖు యాది పెట్టుకోండి. అప్పటికి ఆంధ్రప్రదేశ్ పుట్టలేదు. ఎడమ ఒడ్డు హైదరాబాద్ రాష్ట్రం, కుడి ఒడ్డు ఆంధ్ర రాష్ట్రం. ‘విడిపోతే నీళ్లెట్ల?’ అని ఉద్యమ కాలంలో మనల్ని అడిగినోళ్లకు ఆ పునాదిరాయే జవాబు.

వేలాది కూలీలు రాయి మీద రాయి పేర్చి కట్టిన డ్యామ్ అది. వాళ్లు, ఉద్యోగులు ఉండేతందుకు హిల్ కాలనీ, పైలాన్ కాలనీ వెలిసినయి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. ముంపుకు ముందు ఇక్ష్వాకుల విజయపురిని తవ్వి, ఆ శిల్పాలను కొండ మీది మ్యూజియంకు చేర్చిన్రు. మంచి పనే. మరి అదే లోయల మునిగిన పల్లెల యాది ఏ మ్యూజియంల ఉన్నది?

నీళ్ల సంగతి చూద్దాం. ఎడమ కాలువ నల్లగొండ మీదుగా ఖమ్మం, కృష్ణా జిల్లాలకు పోయింది. మునుగోడు, దేవరకొండ ఎత్తు మీద ఉన్నయి, కాలువ నీళ్లు వాటంతట అవి ఎక్కవు. అక్కడి జనానికి ఫ్లోరైడ్ బోరు నీళ్లే గతి అయినయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ బరిలో 480 మంది నిలబడ్డరు. బ్యాలెట్ పేపర్ పుస్తకమంత అయింది. ఆ నామినేషన్లు నీళ్ల కోసం పెట్టిన దరఖాస్తులు. సాగర్ వెనుక జలాలు పుట్టంగండి కాడ ఎత్తిపోస్తే ఈ హైదరాబాద్ తాగుతున్నది. నల్లాల కృష్ణా నీళ్లు పట్టుకునే ప్రతి ఇల్లు నందికొండకు బాకీ.

2014ల రాష్ట్రం వచ్చింది. 2023 నవంబర్ ఆఖర్ల అదే డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురుబొదురు నిలబడ్డరు. ఆ రోజు అందరూ గేట్లు లెక్కపెట్టిన్రు, ఊరిని అడిగినోళ్లు తక్కువ.

విద్యార్థి మిత్రులారా, సెలవులల్ల నందికొండ పోండి. రాళ్లు మోసిన ముసలోళ్ల మాటలు రాసుకోండి. ఉద్యోగ మిత్రులారా, పాత ఫైళ్లల్ల ముంపు ఊర్ల పేర్లు వెతికి బయట పెట్టండి. టీఎంసీల లెక్క పక్కన మనుషుల లెక్క కూడా ఉండాలె. ఆ పని ఈ ఎర్రమంజిల్ నుంచే మొదలుకావాలె.