చెమ్మ పట్టిన రాడ్లు
(భిలాయి యువ కార్మికుల శిక్షణ శిబిరంలో ఉపన్యాస పాఠం)



భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైనది. ఆ రోజులలో సోవియట్ నిపుణుల పక్కన నిలబడి పని నేర్చిన శ్రీకాకుళం వెల్డరు ఒకరు, ముప్పై ఏళ్ల తరువాత నాకు గురువైనారు.

అప్పటికే నన్ను రెండు చోట్ల పని నుండి తొలగించినారు. రెండవచోట నేను అతికిన పైపు నీటి పరీక్షలో కారినది. కాంట్రాక్టరు పన్నెండు రోజుల కూలి పట్టుకొని, "నీకు చెయ్యి తిరగదు" అని పంపివేసినాడు. నేనూ అదే నమ్మి ఊరికి రైలెక్కబోయినాను.

నేను వెంట తెచ్చుకొన్న అతుకు ముక్కను గురువుగారు కోసి చూపినారు. లోపల సూదిబెజ్జాలు! "తప్పు నీ చేతిది కాదు నాయనా! వానాకాలంలో రాడ్లను రేకుల షెడ్డులో పడవేస్తే చెమ్మ పట్టదా? వాటిని ఆరబెట్టకుండా నీ చేతికిచ్చినవాడిది తప్పు" అన్నారు.

షిఫ్టు దిగి అలసివచ్చి కూడా, మూడు నెలలు తన ముఖకవచం నాకిచ్చి పని నేర్పినారు. దక్షిణ ఏమివ్వను అంటే, "మరి ఇద్దరికి నేర్పు" అన్నారు.

మిత్రులారా! సంజాయిషీ చెప్పుకొనే అవకాశమివ్వక నష్టం పేర కూలి కోయరాదని 1936 నాటి వేతన చెల్లింపు చట్టంలోనే ఉండేది. నాకు తెలియదు, తెలిపే యూనియనూ దగ్గర లేదు. మంచి గురువు దొరకడం అదృష్టం. హక్కు మాత్రం అదృష్టానికి విడువరాదు.

ఇంతవరకు పదకొండుగురికి పని నేర్పినాను. వారికి ఈ చట్టమూ చెప్పినాను.