కారు చక్రం – ఇల్లాలి లెక్క



పండక్కి పిల్లాపాపలతో బెజవాడ నుంచి నాగాయలంక పుట్టింటికి కారులో వస్తాం. వానలకు గుంతలు పడ్డ రోడ్డు మీద చక్రం దబ్బున దిగితే అలాయ్ చక్రం అంచు సొట్టపోతుంది, ఒక్కోసారి పగులుతుంది కూడా. "ఈసారి చిన్న చక్రం వేయించుకోండమ్మా, ఖర్చూ తక్కువే" అంటాడు షాపతను. మాట మంచిదే. అయితే చిన్నది కావలసింది లోపలి చక్రమే గాని, టైరుతో కలిసిన మొత్తం ఎత్తు కాదు సుమండీ!

టైరు మీద 195/55 ఆర్16 అని ఉందనుకోండి. వెడల్పు 195 మిల్లీమీటర్లు, అందులో నూటికి 55 వంతులు పక్క రబ్బరు ఎత్తు, చక్రం 16 అంగుళాలు. దాని బదులు 185/65 ఆర్15 వేస్తే మొత్తం ఎత్తులో మిల్లీమీటరు తేడా అయినా రాదు. పక్క రబ్బరు మాత్రం 107 నుంచి 120 మిల్లీమీటర్లవుతుంది. గుంత దెబ్బను కాచేది ఆ రబ్బరే. మొత్తం ఎత్తే తగ్గిందంటే కారు అడుగు నేలకు దగ్గరవుతుంది, స్పీడు ముల్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

కొనేముందు ఇవి అడగండి. మన కారులోనే తక్కువ ధర మోడలుకు కంపెనీ ఆ సైజు ఇచ్చిందా? ముందు బ్రేకులకు చక్రం తగలదు కదా? బోల్టు రంధ్రాలు, నడిమి రంధ్రం సరిపోతాయా? సైజు పక్కనుండే బరువు అంకె కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. 88 అని ఉంటే ఆ టైరు 560 కిలోల దాకా మోస్తుందని అర్థం. స్టెప్నీ కూడా అదే ఎత్తుది ఉండాలి.

చీర కొంటే అంచూ కొంగూ విప్పి చూసేవాళ్ళం, టైరు మీది అంకెలు చదవలేమా? ఆ కారులో కూర్చునేది మన పిల్లలే కదండీ!